తేటతెల్లం

జూలై 4

చిరంజీవి మరిదికి,

మీ వదిన ఆశీస్సులు. ఉత్తరం మొదట్లో ‘ఉభయకుశలోపరి’ అని రాయడం మనింట్లో మామయ్యగారి నాటి నుంచీ ఉన్న అలవాటు. ఈసారి రాయడం లేదు. మా కుశలం నాకు తెలుసు, నీదే తేలలేదు. అది తేలేదాకా ఆ మాట రాయనని మీ అన్నయ్య ముందు ఒట్టు పెట్టుకున్నాను. ఆయన పేపరు మడిచి, “వాడికి ఆ మాట కంటే అందులో ఒత్తులు సరిగ్గా ఉన్నాయా అన్నదే ముఖ్యం” అన్నారు.

మామయ్యగారు పోయింది పెద్దపేగు జబ్బుతో. తెలిసేసరికి చెయ్యి దాటిపోయింది. పోయినేడు మీ అన్నయ్యకి గొట్టం వేసి చూస్తే రెండు బుడిపెలు దొరికాయి, అక్కడికక్కడే కత్తిరించేశారు. తోడబుట్టినవాళ్ళు కూడా చూపించుకు తీరాలని డాక్టరమ్మ అప్పుడే అంది. ఆనాటి నుంచీ నీకు పదకొండు ఉత్తరాలు రాశాను. పదకొండింటికీ జవాబులొచ్చాయి, ఒక్కదానిలోనూ ఈ ఊసు లేదు. ఫోన్ చేద్దామంటే ముప్పై ఏళ్ళు అచ్చుయంత్రాల పక్కన కూర్చుని ప్రూఫులు దిద్దీ దిద్దీ చెవులు వాటికే ధారపోశావు. “కడుపెలా ఉంది” అంటే “కవరు అందింది” అంటావు.

ఇక దారి లేదు. మీ ఊరి ఆసుపత్రిలో ఈ నెల పంతొమ్మిది, పొద్దున పదకొండు గంటలకి మీ అన్నయ్య నీ పేరు రాయించారు. పేగు ఖాళీగా ఉంటేనే లోపల కనబడుతుంది కాబట్టి ఒక పొడి ఇస్తారు. నీళ్ళలో కలిపి, సగం ముందురోజు సాయంత్రం, మిగతా సగం ఆ పొద్దున్నే తాగాలి. ఆ పొడి ఒంటికి పట్టదు, నువ్వు తిన్న తిండిలాగే. తనతో వచ్చిన నీళ్ళని పేగు పీల్చుకోకుండా పట్టుకుని కూర్చుంటుంది, మొండి చుట్టం తన సామాను ఎవరి చేతికీ ఇవ్వనట్టు. ఆ నీళ్ళు దిగుతూ దిగుతూ లోపలున్నదంతా కడుక్కుపోతాయి. ఇంకో రకం మందులున్నాయట, ఉప్పు చల్లిన దోసకాయ ముక్కలు నీరూరినట్టు ఒంట్లోంచి కూడా నీళ్ళు లాగుతాయి. నీకిచ్చేది మొదటి రకమే.

అయినా అంత నీరు పోయేటప్పుడు దాంతోపాటు ఒంట్లో ఉప్పులూ పోతాయి. ఉత్త మంచినీళ్ళు బిందెడు తాగినా ఆ లోటు తీరదు, పైగా ఉన్న ఉప్పు పలచబడుతుంది. అందుకని నాలుగు లవణాల పొట్లాలు పెడుతున్నాను, నిమ్మపండు రంగువి. డాక్టరుకి చూపించి, సరేనంటే, మీద రాసినన్ని నీళ్ళలో కలిపి మధ్యమధ్య తాగు. ముందురోజంతా అన్నం ముట్టకు. తేటతెల్లంగా ఉన్నవే తాగు. మిగతావి ఏవీ వద్దు.

ఒక ఖాళీ పట్టిక కూడా పెట్టాను. మూడు గడులు: గంట, గ్లాసు, ప్రయాణం. మీ అన్నయ్యవి పదమూడు ప్రయాణాలు. నింపి పంపు.

నీ వదిన

ఎర్రసిరా పక్కన పెట్టి చదువు.

*

జూలై 9

పూజ్యులైన వదినగారికి,

మీ మరిది నమస్కరించి రాస్తున్నది. మీ ఉత్తరం అందింది. దిద్ది తిప్పి పంపుతున్నాను. తొమ్మిది తప్పులు, పోయినసారి కంటే రెండు తక్కువ. ‘గొట్టం వేసి’ అన్నచోట ఎక్కడ వేస్తారో రాయలేదు. అది తప్పుకింద లెక్కెయ్యలేదు, మీ మర్యాదకి ధన్యవాదాలు.

‘ప్రయాణం’ అన్న మాట మాత్రం కుదరదు. ఎవరైనా చదివితే ఏ ఊరికి అని అడుగుతారు. మా వృత్తిలో మాట వాడుకుందాం. ప్రూఫు. మొదటి ప్రూఫు నిండా తప్పులే ఉంటాయి, రెండోదానిలో తగ్గుతాయి, చివరిది శుభ్రంగా వస్తే అచ్చుకి ఇస్తాం. సంగతి చేరుతుంది, ఎవరికీ సిగ్గు ఉండదు.

‘తేటతెల్లం’ అని రాశారు చూడండి, ముచ్చటేసింది. ఈ రోజుల్లో ఆ మాట వాడేవాళ్ళే లేరు. దాని కింద గీత గీశాను, తప్పని కాదు, మెచ్చుకోలుగా.

పంతొమ్మిదో తారీఖున పిల్లల లెక్కల పుస్తకం ఆరో అధ్యాయం అచ్చుకి వెళ్ళాలి. మామూలుగా అయితే రానని రాసేవాణ్ణి. కానీ ‘ఉభయకుశలోపరి’ లేని ఉత్తరం తలకట్టు లేని అక్షరంలా ఉంది, చదువుతున్నంతసేపూ ఏదో ఊడిపోయినట్టే ఉంది. వెళ్తాను.

ఒక ప్రశ్న. వాళ్ళకి లోపల ఏమన్నా కనబడితే ఏం చేస్తారు? ఊరికే అడుగుతున్నాను.

మీ విధేయుడు,
మరిది

*

జూలై 13

చిరంజీవి మరిదికి,

చిన్నదైతే అప్పుడే తీసేస్తారు, నొప్పి తెలియదు. పెద్దదైతే దానికీ దారులున్నాయి. ఏదైనా కనబడ్డవాటికే, కనబడనివాటికి ఎవరూ ఏమీ చెయ్యలేరు. నువ్వు ఊరికే అడిగే మనిషివి కాదు. నేను కాపురానికి వచ్చేనాటికి నీకు పద్నాలుగేళ్ళు. మొదటివారమే “వదినా, గాజుసీసా పగిలితే అతుక్కుంటుందా, ఊరికే అడుగుతున్నా” అన్నావు. అప్పటికే అది మూడు ముక్కలై మంచం కింద ఉంది. అయినా సరే, ఊరికే అడిగావనే అనుకుంటాను.

నీ గది నుంచి ఆ తలుపుదాకా ఎన్ని అడుగులో ముందే లెక్కపెట్టు. మీ అన్నయ్యకి పదహారు. దారిలో కుర్చీ, చెప్పుల పెట్టె, పూలకుండీ పొద్దున్నే తీసేశాను. ఆరో ప్రయాణానికి, సరే, ఆరో ప్రూఫుకి, ఆయన నన్ను మెచ్చుకున్నారు. పెళ్ళయ్యాక అది రెండోసారి.

నీ వదిన

*

జూలై 21

వదినగారికి,

కార్డు కాబట్టి క్లుప్తంగా. పరీక్షకి వెళ్ళాను. డాక్టరు ఏమీ కనబడలేదన్నారు. పక్కగది దర్జీ తోడొచ్చాడు. లెక్కల పుస్తకం అచ్చుకి వెళ్ళింది. ఇక ఒట్టు తీసి గట్టున పెట్టవచ్చు.

మరిది

*

జూలై 25

చిరంజీవి మరిదికి,

నీ కార్డు చేతికి రాగానే నిలబడే చదివాను, తరవాత కూర్చుని ఇంకోసారి చదివాను. మీ అన్నయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు, దుమ్ము పడిందట. అద్దాలకి పడిన దుమ్ముకి ముక్కు ఎందుకు ఎగబీల్చాలో నాకు తెలియదు. పై వాటా టీచరమ్మకి మిఠాయి ఇచ్చి, “మా మరిదికి ఏమీ లేదట” అని చెప్పాను. “పెళ్ళా?” అంది పాపం. నీ విషయంలో ‘లేదు’ అంటే ఆవిడకి గుర్తొచ్చేది పెళ్ళే.

ఆ నాలుగు అక్షరాల తలకట్టు మాట రాద్దామనే కూర్చున్నాను. రాయబోయి ఆగాను. నీ పట్టిక రాలేదు. నా పుస్తకంలో మీ అన్నయ్య పేజీకి ఎదురు పేజీ నీదని గీతలు కొట్టి ఉంచాను, అది ఖాళీగా ఉంటే నాకు నిద్ర పట్టదని నీకు తెలుసు. ఏ గంటకి ఏం తాగావో, ఎన్ని ప్రూఫులో పంపు. అంతే మిగిలింది.

నీ వదిన

*

జూలై 29

పూజ్యులైన వదినగారికి,

నమస్కారాలు. ముందుగా, ‘ఉభయకుశలోపరి’లో అక్షరాలు ఎనిమిది, నాలుగు కాదు. ఇక మీరడిగిన వివరం.

ఆసుపత్రివాళ్ళు సూచనల కాగితం ఒకటి ఇచ్చారు. మొదటి వాక్యంలోనే మూడు తప్పులు. ‘విరేచనం’ని ‘విరోచనం’ అని అచ్చేశారు. అలాంటి కాగితాన్ని నమ్మి కడుపు అప్పగించలేను. పొడి ఎంత, ఎప్పుడు అన్నంతవరకు చూసి, మడిచి జేబులో పెట్టేశాను. మీ ఉత్తరమే ప్రమాణం.

పొద్దున ఏడింటికి పాలు ఒక గ్లాసు. పదింటికి చిక్కని గంజి. మధ్యాహ్నం మజ్జిగ రెండు గ్లాసులు. మూడింటికి బార్లీ జావ, దర్జీ భార్య కాచి ఇచ్చింది, చల్లని మనిషి. నాలుగింటికి మళ్ళీ పాలు. అన్నీ మీరన్నట్టే తేటతెల్లనివి. మీ లవణాల పొట్లాలు మాత్రం కలిపి చూస్తే పసుపుపచ్చగా ఉన్నాయి, మాట తప్పడం ఎందుకని పారబోశాను. ఆరింటికి పొడినీళ్ళు మొదలు. ప్రూఫులు మొత్తం ఏడు. చివరిది కూడా పూర్తిగా తప్పులు లేకుండా వచ్చిందని చెప్పలేను. తెల్లవారి పిక్కలు పట్టేసి, కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాను. దర్జీ భుజం మీద చెయ్యేసి ఆటో ఎక్కాను.

పట్టిక జతచేశాను. అడుగులు ఇరవై రెండు.

మరిది

*

ఆగస్టు 1

మరిదికి,

చిరంజీవి అని రాయడానికి చెయ్యి రాలేదు. చివర్లో చూద్దాం.

పాలు. గంజి. మజ్జిగ. జావ. మళ్ళీ పాలు. అబ్బాయ్, నేను రాసింది తేటతెల్లం. తేటతెల్లం అంటే స్పష్టంగా, అవతలిది కనబడేలా అని. తెల్లగా అని కాదు. తెలుపే కావాలంటే గోడలకేసే సున్నం తాగమని రాసేదాన్ని. అరసున్న ఎక్కడ పోయిందని సంపాదకుడితో మూడు రోజులు మాట్లాడని వాడివి, ఈ మాటకి అర్థం తెలియక పాలు తాగావా? పంపిన పొట్లాలన్నీ పారబోసి పిక్కలు పట్టేశాయంటావా? పట్టెయ్యక ఏం చేస్తాయి, ఉప్పులన్నీ ఏడు ప్రూఫుల్లో కొట్టుకుపోయాయి. పడితే ఏమయ్యేది? దర్జీ కుట్లు వేసేవాడా?

ఇదంతా ఒక ఎత్తు. నీ పట్టిక నా పుస్తకంలోకి ఎక్కిస్తుంటే అసలు సంగతి తట్టింది. మీ అన్నయ్య ముందురోజు మధ్యాహ్నం అరగ్లాసు పాలు తాగారని తెలిసినందుకే డాక్టరమ్మ ముఖం చిట్లించింది. నువ్వు అన్నేసి తాగావు. అలాంటి పేగులో గొట్టం వేస్తే ఏం కనబడుతుంది? తెల్లటి మడ్డి కనబడుతుంది. మరి ‘ఏమీ కనబడలేదు’ అంటే ఏమిటి? పేజీలో తప్పు లేదనడం వేరు, పేజీ మీద సిరా ఒలికి అసలు చదవలేకపోయామనడం వేరు. ఈ తేడా నీకు నేను చెప్పాలా?

నీకు వినబడదు కాబట్టి డాక్టరు మాట చీటీ మీదే రాసిచ్చి ఉంటారు. అందులో ‘ఏమీ కనబడలేదు’ తరవాత ఫుల్‌స్టాప్ ఉంది కదా. ఆ ఫుల్‌స్టాప్ తరవాత ఏముందో ఎత్తి రాసి పంపు.

ఇంకోటి. మళ్ళీ తాగాల్సి వస్తే ఎర్రవీ ఊదారంగువీ ఏవీ ముట్టుకోకు. లోపల ఆ రంగు మిగిలితే రక్తమనుకుంటారు. అది పోయినసారి రాయడం నేనే మరిచాను. అది నా తప్పు, ఎర్రసిరాతో దిద్దుకో.

టీచరమ్మకి ఇచ్చిన మిఠాయి వెనక్కి అడగలేను కదా.

వదిన

*

ఆగస్టు 5

వదినా,

ఈసారి మీ ఉత్తరం దిద్దలేదు.

చీటీలో ఇలా ఉంది: “ఏమీ కనబడలేదు. పేగు శుభ్రం కాలేదు. రెండు మూడు వారాల్లో మళ్ళీ తప్పనిసరిగా రావాలి.” మూడు వాక్యాల్లో మీకు మొదటిదే పంపాను. ఇంకొకరి మాట ఎత్తి రాసేటప్పుడు మధ్యలో కొయ్యకూడదని కొత్తగా వచ్చినవాళ్ళకి మొదటిరోజే నేర్పేది నేనే.

‘తెల్లము’ అంటే స్పష్టమని నాకు తెలియదనుకున్నారా? తెలుసు. మొదటి గ్లాసు పాలు చేతిలో పట్టుకున్నప్పుడు కూడా తెలుసు. రెండర్థాల మాట ఎదురైతే అనుకూలమైనది చదివాను. ముప్పై ఏళ్ళలో తెలిసి తప్పు చదివింది అదొక్కటే.

ఎరుపు గురించి మీరు రాసిన వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. ఎరుపు నాకు కనబడింది వదినా. చలికాలం నుంచీ, అప్పుడప్పుడు. మొదటిసారి ఎర్రసిరా చేతికి అంటుకుని ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ చోట ఎర్రసిరా ఎందుకుంటుంది చెప్పండి. నాన్నగారు చివరి నెలల్లో వంటింటి గోడకి ఆనుకుని, ఎవరూ చూడటంలేదనుకుని పొట్ట పట్టుకునేవారు. నేను చూసేవాణ్ణి. కనబడనంతకాలం లేదనుకోవచ్చు కదా అనిపించింది.

ఆసుపత్రికి నేనే వెళ్ళి పదహారో తారీఖు రాయించుకున్నాను. రక్తం సంగతి కూడా చెప్పాను. ఇది మీ అన్నగారికి, అంటే మా అన్నయ్యకి, చెప్పకండి. చూశారా, ఈసారి తప్పు నా రాతలోనే దొరికింది.

మరిది

*

ఆగస్టు 9

చిరంజీవి మరిదికి,

ఆ మాట మళ్ళీ రాశాను, చూసుకో.

మీ అన్నయ్యకి చెప్పాను. చెప్పకపోతే ఆయన్ని పంపడం ఎలా? పద్నాలుగు పొద్దున బయలుదేరతారు. తన పట్టిక, ఫ్లాస్కు, మెత్తటి తువ్వాలు రెండు, కొత్త పొట్లాలు ఆరు తెస్తున్నారు. “నా పదమూడు వాడు దాటడు” అని పందెం కాస్తున్నారు. ఆ మాట అన్నది పెట్టె సర్దుతూ.

ఇక ఈసారి అర్థాలకి తావివ్వను. మాటలు వద్దు, పద్ధతి రాస్తున్నాను. గాజుగ్లాసు తీసుకో. అందులో తాగేది పొయ్యి. గ్లాసు వెనక నీ ప్రూఫు కాగితం పెట్టు. అవతలి అక్షరాలు చదవగలిగితే తాగు. చదవలేకపోతే పారబొయ్యి. నిమ్మరంగు పొట్లం నీళ్ళలోంచి చదవగలవు, వడగట్టిన పలచని రసాల్లోంచి చదవగలవు, పాలు పోసుకుని చదవలేవు. డాక్టరు ఒప్పుకున్న పొట్లాలు మాత్రం వదలకు, అవే నిన్ను నిలబెడతాయి. చివరి ప్రూఫులోంచి కూడా అక్షరాలు కనబడేలా ఉండాలి. ఎలా పరీక్షించాలో నేను రాయను.

తాగడం ఎన్నింటికి ఆపాలో మాత్రం ఆసుపత్రి కాగితమే చూడు. ‘విరోచనం’ అని ఉన్నా సరే చూడు. తప్పులున్న కాగితం కూడా నిజం చెప్పొచ్చు.

గాజుసీసా సంగతి గుర్తుందా? ముక్కలన్నీ ఏరి నేను అత్తయ్యకి కనబడకుండా పారేశాను. నువ్వు ముందే చెప్పి ఉంటే నా అరికాల్లో గుచ్చుకునేది కాదు. అంతే నేను చెప్పేది.

నీ వదిన

*

ఆగస్టు 18

పూజ్యులైన వదినగారికి,

నమస్కారాలు. అన్నయ్య పక్కనే కూర్చుని నేను రాసేదంతా చదువుతున్నాడు, అందుకని నిజమే రాయాలి.

పదిహేనో తారీఖంతా మీ గ్లాసు పద్ధతే. గ్లాసు వెనక లెక్కల పుస్తకం ఏడో అధ్యాయం పెట్టాను. పొట్లం నీళ్ళలోంచి చదువుతుంటే భిన్నాల్లో ఒక తప్పు దొరికింది, మామూలుగా చదివినప్పుడు రెండుసార్లు తప్పించుకుంది. మీ పద్ధతి ఆఫీసులో పెట్టమని చెబుతాను. పొడినీళ్ళ రుచి గురించి అడగకండి, ఉప్పు రాసిన అట్టముక్క నానబెట్టినట్టుంది. అన్నయ్య ప్రతి గ్లాసుకీ ముందు “కళ్ళు మూసుకో” అని, తనూ మూసుకునేవాడు.

కుర్చీలు తనే తీశాడు. తలుపు మీద సుద్దముక్కతో గీతలు పెట్టాడు. పదకొండో గీత దగ్గర దర్జీ వచ్చి ఏం లెక్కపెడుతున్నారని అడిగాడు. అన్నయ్య “ప్రూఫులు” అన్నాడు. “ఇంత పనుందా మీకు” అని పాపం టీ తెచ్చాడు, పాలు పోసి. వెనక కాగితం పెట్టి చూపించి తిప్పి పంపాం. పదమూడు దాటాను. పదిహేను. అన్నయ్య ఓడిపోయినందుకు అంత సంతోషపడటం ఎప్పుడూ చూడలేదు. పిక్కలు పట్టలేదు, కళ్ళు తిరగలేదు.

డాక్టరు ఈసారి రాసిచ్చింది మొత్తం ఎత్తి రాస్తున్నాను: “పేగు చాలా శుభ్రంగా ఉంది. అంతా కనబడింది. మూడు బుడిపెలు, ఒకటి కాస్త పెద్దది, దాన్నుంచే రక్తం. మూడూ తీసేశాం. పరీక్షకి పంపాం. పది రోజుల్లో తెలుస్తుంది.” ఈసారి ఒక్కటీ దాచలేదు, వాక్యాలు లెక్కపెట్టుకోవచ్చు, ఆరు.

ఇక పది రోజులు. వదినా, ఇన్నాళ్ళూ తప్పులు వెతికి బతికాను. దొరక్కూడదని కోరుకోవడం ఇదే మొదలు.

మరిది

కింద అన్నయ్య రాత: వీడు నా పక్కనే పడుకున్నాడు. గురక నాన్నగారిదే. ఫలితం వచ్చేదాకా ఉంటాను.

*

ఆగస్టు 28

వదినగారికి,

ఫలితం కాగితం పూర్తిగా ఎత్తి రాస్తున్నాను: “మూడింటిలోనూ క్యాన్సరు లేదు. పెద్దది వదిలేసి ఉంటే కొన్నేళ్ళలో అటు తిరిగే రకం. మూడేళ్ళకి మళ్ళీ చూపించుకోవాలి.” దీని తరవాత డాక్టరు సంతకం, ఆ తరవాత ఆసుపత్రి ముద్ర, ఆ తరవాత ఖాళీ. కాగితం తిప్పి వెనక కూడా చూశాను.

అన్నయ్య రేపు బయలుదేరుతున్నాడు. కళ్ళద్దాలకి మళ్ళీ దుమ్ము పడింది. ఈ గదిలో దుమ్ము ఎక్కువే.

మరిది

*

సెప్టెంబరు 1

చిరంజీవి మరిదికి,

ఉభయకుశలోపరి.

నీ పేజీ నిండింది. మీ అన్నయ్య పేజీకి ఎదురుగా ఉంది, పదిహేను అన్న అంకె చుట్టూ ఆయనే సున్నా చుట్టారు. వెనక ఇంకో పేజీకి మూడేళ్ళ తరవాతి తేదీ వేసి గీతలు కొట్టాను. టీచరమ్మకి మళ్ళీ మిఠాయి ఇచ్చాను. ఈసారీ “పెళ్ళా?” అనే అడిగింది.

ఈ ఉత్తరం దిద్ది తిప్పి పంపు. పోయిన రెండూ దిద్దకుండా వదిలేశావు, నాకేం తోచడం లేదు.

నీ వదిన

పై ఉత్తరమే సెప్టెంబరు 5న తిరిగి వచ్చింది. అడుగున ఎర్రసిరాతో:

ఏమీ కనబడలేదు. ఈసారి చివరిదాకా చదివాకే అంటున్నాను.